మేస్త్రి మాట, లైసెన్సు నంబరు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద చిల్లకల్లు, దాని చుట్టూ జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెలు. ఇక్కడ పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్లలో ఒకే కుటుంబం రెండు చోట్ల కట్టుబడి చేయించడం ఇప్పుడు కొత్త కాదు. ఇక్కడ పెద్దవాళ్లు ఇంటి ముందు వసారా వేయిస్తారు. అక్కడ కొడుకో కూతురో పెరట్లో చెక్కతో డెక్ వేయిస్తారు. సాయంత్రం పూట నలుగురూ గాలికి కూర్చోవడానికి ఇంటిని ఆనుకొని ఒక చోటు కావాలన్నదే ఇద్దరి కోరికా. పని ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఇద్దరి దిగులూ. ఇక్కడ మనిషిని చూసి పని అప్పగిస్తారు, అక్కడ కాగితం చూసి అప్పగిస్తారు. ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎంతవరకు కాపాడుతుందో తేల్చుకోవడం డబ్బు పెట్టేవాళ్లందరికీ అవసరం.

ముందు ఎంపిక సంగతి. చిల్లకల్లులో తాపీ మేస్త్రి గురించి తెలుసుకోవడానికి ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. ఆయన వేసిన స్లాబులు ఊళ్లోనే ఉంటాయి. ఆ ఇంటికి వెళ్లి ‘వానాకాలంలో కారిందా? చెప్పిన నెలకు అప్పజెప్పాడా? మధ్యలో వదిలేసి వేరే ఇంటికి పోయాడా?’ అని అడగవచ్చు. రేపు మళ్లీ పని దొరకాల్సింది ఈ ఊళ్లోనే కాబట్టి పేరు పోగొట్టుకోవడానికి మేస్త్రి జంకుతాడు. ఇది గొప్ప రక్షణ. కానీ ఆ పరిచయమే నోరు కట్టేస్తుంది. ‘మనవాడే కదా’ అని లెక్క అడగం, కాగితం రాయించుకోం. సెంట్రింగు ఒకరు, కడ్డీలు కట్టేది ఇంకొకరు, కూలీలు వేరే ఊరివాళ్లు. మనకు తెలిసిన మనిషి పూటకోసారి వచ్చి చూసిపోతాడు. మనం నమ్మింది ఒకరిని, పని చేసేది మరొకరు.

కాలిఫోర్నియాలో దిగిన తెలుగు కుటుంబానికి అడిగేందుకు ఊరూ ఉండదు, చుట్టమూ ఉండడు. అక్కడ ఆ లోటును రాష్ట్ర లైసెన్సు బోర్డు తీరుస్తుంది. 2025 జనవరి 1 నుంచి 1,000 డాలర్లు, ఆపైన విలువ చేసే పనికి లైసెన్సు తప్పనిసరి. కాంట్రాక్టరు నంబరు బోర్డు వెబ్‌సైటులో కొడితే లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, 25,000 డాలర్ల పూచీ బాండు ఉందో లేదో, కూలీలకు బీమా కట్టాడో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ముక్కూముఖం తెలియని మనిషితో వ్యవహరించేవాడికి ఇంతకు మించిన ఆసరా లేదు. అయితే ఈ ఏర్పాటు అమెరికా అంతటా లేదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌లో సాధారణ కాంట్రాక్టరుకు రాష్ట్ర స్థాయి లైసెన్సే లేదు. ఇక లైసెన్సు ఉన్నచోట కూడా అది పనితనానికి హామీ కాదు. 2015 జూన్ 16న బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు బాల్కనీ విరిగిపడి ఆరుగురు చనిపోయారు. దాన్ని కట్టింది లైసెన్సు ఉన్న సంస్థే. లోపలికి తేమ చేరి దూలాలు కుళ్లిపోయాయి. 

కాబట్టి ఎంపికలో మన పద్ధతే ఒక మెట్టు పైన ఉంది. కట్టిన పని ఏళ్ల తరబడి ఎలా నిలబడిందో కంటితో చూడటం కాగితం కంటే బలమైన సాక్ష్యం.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి తీర్పు తిరగబడుతుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇంటి మరమ్మతుకో డెక్‌కో కాంట్రాక్టరు తీసుకోగల ముందస్తు సొమ్ము ఒప్పందం విలువలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. ఆ తర్వాత కూడా అయిన పని విలువకు మించి వసూలు చేయకూడదు. మన దగ్గర బయానాకు హద్దు లేదు. ఆపైన వారం వారం బట్వాడా. పని ఎంతదాకా వచ్చిందన్న దానితో సంబంధం లేకుండా శనివారానికి డబ్బు సిద్ధంగా ఉండాలి. డబ్బు పనిని దాటిపోయిన రోజున మేస్త్రి మరో ఇంటి పునాది మొదలుపెడతాడు, ఇంటాయన ఫోన్ చేస్తూ కూర్చుంటాడు. వేధింపు ఒకవైపే లేదు. స్లాబు పడ్డాక మిగిలిన సొమ్ము ఇవ్వకుండా మేస్త్రిని నెలల తరబడి తిప్పుకొనే ఇంటివాళ్లూ ఉన్నారు. ఏ పనికి ఎంత అన్నది ముందే రాసుకుంటే ఇద్దరికీ మేలు.

మన రెండు రకాల గుత్తల్లోనూ తేడా ఉంది. కూలి గుత్తలో సామాను మనమే కొంటాం. మెటీరియల్‌తో సహా గుత్తలో అన్నీ మేస్త్రివే. రెండోది హాయిగా కనిపిస్తుంది గానీ, అందులో మిగులు తీయడం కంటికి కనబడని చోటనే సులువు. 12 మీటర్ల కడ్డీ 8 ఎం.ఎం. అయితే సుమారు 4.74 కిలోలు, 12 ఎం.ఎం. అయితే 10.66 కిలోలు తూగాలి. కడ్డీలు లెక్కపెట్టి తీసుకుంటే తక్కువ బరువువి వచ్చినా తెలియదు, తూకం వేయిస్తే తెలుస్తుంది. దగ్గరుండి చూసుకొనే మనిషి ఇంట్లో ఉంటే కూలి గుత్తే నయం.

ఇక భూమి. మినసోటా లాంటి చలి రాష్ట్రాల్లో నేలలోని నీరు గడ్డకట్టి డెక్ స్తంభాలను పైకి నెడుతుంది. అందుకే ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో పునాది 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు దిగాలని నిబంధన. నగరం ఇన్‌స్పెక్టరు గుంట లోతు చూశాకే కాంక్రీటు పోస్తారు. మన నల్లరేగడి కూడా ఊరుకోదు. వానకు ఉబ్బుతుంది, వేసవికి కుంచించి నోళ్లు తెరుస్తుంది. ఇంటికి పాత పునాది, వసారాకు పైపైన కొత్త పునాది వేస్తే రెండూ కలిసే చోట బీట రావడం ఖాయం. ‘గట్టి నేల తగిలేదాకా తవ్వాలి’ అని అనుభవమున్న మేస్త్రి చెబుతాడు. అది నిజమైన జ్ఞానమే. కానీ ఆ లోతు దిగారా లేదా అని కాంక్రీటు పడకముందు చూసే మూడో మనిషి మనకు సాధారణంగా ఉండడు. పంచాయతీ అనుమతి ప్లాను కాగితం దగ్గరే ఆగుతుంది.

కాంక్రీటుకు నీళ్లు పెట్టడంలోనూ ఇదే కథ. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. బస్తా గుమ్మం ముందు దిగుతుంది. కానీ ఎండ కాసే పొడి వాతావరణంలో కాంక్రీటును కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని ఐ.ఎస్. 456 ప్రమాణం చెబుతుంది. ఆ పని ఎవరిదో ఒప్పందంలో ఉండదు. మేస్త్రి ఇంటివాళ్లు పెడతారనుకుంటాడు, ఇంటివాళ్లు మేస్త్రి కుర్రాడు పెడతాడనుకుంటారు. మంచి సిమెంటు మూడో రోజుకే ఎండిపోతుంది.

పరంజా మీంచి కూలీ పడితే ఎవరు చూసుకోవాలన్నది కూడా కాగితం మీద ఉండాల్సిన మాటే. అక్కడ బీమా ఉందా అని ముందే అడుగుతారు. ఇక్కడ ప్రమాదం జరిగాక చందాలు వేస్తారు. పనిచేసేవాళ్ల ప్రాణానికి పూచీ పడని మేస్త్రిని, ఆ మాట ఎత్తని ఇంటివాళ్లను నమ్మకస్తులని నేను అనలేను.

ఇంతకూ తేలింది ఇది. మనిషిని ఎంచుకోవడానికి చిల్లకల్లు పద్ధతి మేలు. ఎంచుకున్నాక అతణ్ణి, మనల్ని కూడా దారిలో ఉంచడానికి కాలిఫోర్నియా పద్ధతి మేలు. అక్కడి పిల్లలు నంబరు చూసి ఊరుకోకుండా, ఆ కాంట్రాక్టరు నాలుగైదేళ్ల కిందట వేసిన డెక్‌ను వెళ్లి చూడాలి, ఆ ఇంటివాళ్లతో మాట్లాడాలి. ఇక్కడి పెద్దలు ఒక్క పేజీ రాయించుకోవాలి. పునాది లోతు, కడ్డీ సైజు, తడిపే బాధ్యత, ఏ దశకు ఎంత డబ్బు, కూలీల బీమా, చివరి వాయిదా ఎప్పుడు అన్నవి అందులో ఉంటే చాలు. కాంక్రీటుకు ముందురోజు ఇంజనీరుకు ఫీజిచ్చి ఒక్కసారి చూపించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగానే గుర్తించింది. కానీ వినియోగదారుల కమిషన్ ముందు నోటిమాటను రుజువు చేయడం కష్టం. మంచి మేస్త్రి ఆ పేజీ మీద సంతకానికి వెనకాడడు. వెనకాడేవాడికి బయానా ఇవ్వకండి.