హై హో మిస్తహే! – ఎదురుదిశ యాత్ర

కెనడా దేశమున దక్షిణపు పట్టణములలోని విద్యార్థులు ఉత్తరమున నుండు క్రీ జనుల గ్రామములకు వినిమయయాత్రలు సేయుట కలదు. కొలది దినములు గ్రామస్థుల యిండ్లలో నుందురు; అడవిబాతుల వేటను గూర్చి విందురు; మంచును జూచి యబ్బురపడుదురు. ఇట్టి యాత్రలు చెడ్డవని నే ననను. ఇల్లు కదలని చదువుకంటె నవి మేలే. అయినను వానిని గూర్చిన వ్రాతలలో సామాన్యముగ నతిథి చూచినదే కాని, అతిథిని గృహస్థు లెట్లు చూచిరో కానరాదు. ఈ లోపమును దీర్చు చలనచిత్ర మొకటి కలదు. ఆలనిస్ ఒబాంసవిన్ గారు కెనడా జాతీయ చలనచిత్రమండలి పక్షమున నిర్మించి 2013వ సంవత్సరమున వెలువరించిన "హై హో మిస్తహే!" యను వాస్తవచిత్ర మది. క్రీ భాషలో నా మాటకు "నిన్నెల్లప్పుడును ప్రేమింతును" అని భావమట.

కథాస్థానము ఒంటారియో రాష్ట్రమున జేమ్సు అఖాతపు పడమటి గట్టుననున్న అట్టవాపిస్కట్ గ్రామము. అచటికి నేడాది పొడవున నడచు బాట లేదు. శీతకాలమున గడ్డకట్టిన నేలపై మంచుబాట వేయుదురు. తక్కిన కాలమున విమానమే గతి. 1979లో నచటి ప్రాథమికపాఠశాల క్రింద డీజిలునూనె కారి భూమిలోని కింకెను. పిల్లలకు తలనొప్పులు, వాంతులు కలుగుచున్నవని తల్లిదండ్రు లెంత మొరపెట్టినను 2000వ సంవత్సరమువరకు నా బడి మూయబడలేదు. పిదప పిల్లలను తాత్కాలికపు గదులలో కూర్చుండబెట్టిరి. ఆ తాత్కాలికము పదునాలుగేండ్లు సాగెను! తక్కిన కెనడా బాలుర బడులు రాష్ట్రప్రభుత్వముల పాలనలోనివి. ఆదిమజనులకు ప్రత్యేకించిన భూములలోని బడుల భారము మాత్రము కేంద్రప్రభుత్వముది. ఒకే దేశపు బిడ్డలకు రెండు ఖజానాలు. ఆ కాలమున రెండవ ఖజానానుండి తలకొక్కింటికి వచ్చు సొమ్ము తక్కువగ నుండెను. ఆ గ్రామమునకు సుమారు తొంబది కిలోమీటర్ల దూరమున వజ్రపుగని యొకటి 2008లో తెరువబడి 2019లో మూతపడినది. దానిని మాత్రమిట్లు పేర్కొని ముందునకు సాగెదను, వ్యాఖ్య యనవసరము.

క్రొత్త బడి కట్టుట కిప్పుడు వీలులేదని 2007 చివర ప్రభుత్వము తెలిపెను. ఎనిమిదవ తరగతి పిల్లలు నయాగరా జలపాతమునకు బోవలసిన తమ విహారయాత్రను మానుకొని 2008 మే నెలలో రాజధానియగు ఒట్టావాకు బోయిరి. వారిలో షానెన్ కూస్టాచిన్ అను పదుమూడేండ్ల బాలిక మంత్రిని జూచి, మీ కార్యాలయమంత చక్కని గది మా తరగతికున్న బాగుండుననెను. డబ్బు లేదని మంత్రి చెప్పగా, మీ మాట నమ్మజాలనని నిర్భయముగ బదులు చెప్పెను. ఇదియు విద్యార్థియాత్రయే. అతిథులు వచ్చిరి, చూచిరి, వట్టిచేతులతో మరలిరి. ఇంకను చోద్యమేమన, జూన్ 11వ తేదీన, అనగా రెండు వారములైన గడువకమున్నే, ఆ రాజధానిలోనే ప్రధానమంత్రి వసతిపాఠశాలల దురాచారమునకై ఆదిమజనులను క్షమాపణ వేడెను. అట్టవాపిస్కట్ పిల్లలను తల్లుల యొడినుండి వేరుచేసి చేర్చిన పాఠశాలలలో నొకటి ఫోర్టు ఆల్బనీలోని సెయింట్ ఆన్స్, 1976వరకది నడచెను. నాడు బడికై పిల్లలను బలవంతముగ గొనిపోయిరి. నేడు పిల్లలే బడి యడుగవచ్చిన లేదనిరి.

షానెన్ మంచి చదువునకై యిల్లు విడిచి దూరమున నున్న న్యూ లిస్కర్డు పట్టణమున కేగి, 2010లో మోటారు ప్రమాదమున మరణించెను. అప్పటికామెకు పదునైదేండ్లు. ఈ దుఃఖమును ఒబాంసవిన్ గారు పిండి యేడ్పింపలేదు. తామును అబెనాకి యను ఆదిమజాతికి చెందినవారగుటచే గాబోలు, ఇంటికి వచ్చిన పెద్దమ్మవలె కూర్చుండి విందురు. తక్కువ స్వరమున తామే కథ చెప్పుదురు. ఈ చిత్రమునకై అచట నుండగా 2011లో గ్రామమున గృహసంకటము తీవ్రముకాగా, దీని నాపి ముందు దానిని గూర్చి వేరొక చిత్రము 2012లో వెలువరించిరి. తన పని పాడగునని తొందరపడని యతిథి యరుదు.

దోషములును గలవు. సభలు, ఉపన్యాసములు చిత్రమున చాలభాగము నాక్రమించినవి. ఒకే మాట నలువురు చెప్పుదురు. అంతకన్న ముఖ్యము, మరణించిన బాలికను దేవతను జేయుటకు వచ్చినవారి నెవరును వారింపరు. షానెన్ అడిగినది పూజ కాదు, వెచ్చని గదులుగల బడి. అల్లరిచేసి, అలిగి, నవ్విన పిల్లగా నామె నింకను చూపియుండిన చూపరుల మనస్సున కెక్కుడు దగ్గరయగును. దక్షిణపు పిల్లలు వేలకొలది యుత్తరములు వ్రాసి, పార్లమెంటు భవనమునెదుట చదివిన ఘట్టములు మనోహరములే. అయినను వానిని చూచుచు నాకొక సంకోచము కలిగెను. ఆ పిల్లలు జాలితో వ్రాయుచున్నారా, న్యాయమెరిగి వ్రాయుచున్నారా? కొందరి మాటలలో మొదటిది, కొందరి మాటలలో రెండవది వినవచ్చును. దర్శకురాలు వడగట్టలేదు. అది మంచిదే.

ఈ జనులు నిరక్షరులని మన చదువరులు తలపరాదు. 1840లో జేమ్స్ ఎవాన్స్ అను మతబోధకుడు ప్రచురించిన అక్షరమాల వీరిలో చేతినుండి చేతికి వేగముగ వ్యాపించెను. మనము గుణింతమున హల్లునకు గుర్తులు చేర్చుదుము. వీరు హల్లునే నలుదిక్కులకు త్రిప్పి అచ్చును తెలుపుదురు. దేవనాగరి పరిచయము ఎవాన్సు కల్పనకు తోడ్పడెనని కొందరు పండితులందురు. చదువు నిట్లు చేపట్టిన వారి మనుమలు బడికై యాచింపవలసివచ్చుట చిత్రమును చూచుచుండగా మరిమరి గుర్తుకు వచ్చును.

2012 ఫిబ్రవరిలో దిగువసభ ఆదిమజనుల బాలుర విద్యకు సమాన వసతులు కల్పింపవలెనని ఏకగ్రీవముగ తీర్మానించెను. 2014లో అట్టవాపిస్కట్‌లో క్రొత్త బడి తెరువబడెను. చిత్ర మంతకుముందటిదగుట ఆ గదులలో పిల్లలు చదువుకొనుట చూపింప వీలుపడలేదు. ఉత్తరయాత్రకు బయలుదేరు విద్యార్థులకు ఉపాధ్యాయు లీ చిత్రమును ప్రయాణమునకు ముందే చూపిన, గ్రామము చేరినపిదప వా రడుగు ప్రశ్నలు వేరుగా నుండును.