నల్లరాతి నేలలో విష్ణుక్రాంత

ఎత్తైన పర్వతాలపై, చెట్లు పెరగని చోట, రాళ్ల సందుల్లో నేలబారుగా పాకుతూ ఏటా మళ్లీ చిగురించే మొక్కలను ఆల్పైన్ బహువార్షికాలు అంటారు. ‘ది ఇంగ్లిష్ రాక్ గార్డెన్’ గ్రంథకర్త రెజినాల్డ్ ఫారర్ అటువంటి మొక్కలను వెతుకుతూ 1914లో చైనాలోని గాన్సు దాకా వెళ్లగా, అక్కడ దొరికిన నీలిపూల జెన్షియన్ ఒకటి నేటికీ ఆయన పేరుతోనే ఉంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే షోలాపూర్‌లో జెన్షియన్ బతకదు గాని, ఇలాంటి మొక్కలను పెంచే రాతి తోట విద్యకు ప్రాణమైన సూత్రం, అంటే వేరు లోతుకు దిగాలి, మొదలు దగ్గర నీరు నిలవకూడదు, ఎరువు మితం కావాలి అన్నది, ఈ ఊరికి చక్కగా సరిపోతుంది.

సహ్యాద్రి వానమబ్బులను అడ్డుకోవడం వల్ల ఏర్పడిన వర్షచ్ఛాయలో, కోట్ల ఏళ్ల కిందటి లావా గడ్డకట్టిన నల్లరాతిపై ఉన్న ఈ ప్రాంతానికి తగిన నీలిపువ్వు విష్ణుక్రాంత. తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చి ఇక్కడి తూర్పు భాగంలో మగ్గాలతో స్థిరపడిన పద్మశాలీలకు ఇది వినాయక చవితి ఇరవై ఒక్క పత్రుల్లో ఒకటిగా పరిచితమే. కట్టెబారిన వేరు దీన్ని కరువులో కాపాడుతుంది, ఆకులపై పట్టులాంటి నూగు తేమను నిలుపుతుంది, ఉదయం విచ్చిన చిన్న పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. నర్సరీల్లో దొరికే పెద్దపూల బ్రెజిల్ జాతి దీనికి దగ్గరి చుట్టమే తప్ప ఇది కాదు.

మగ్గం ఇంటి ముందు జానెడు స్థలమున్నా, డాబాపై లోతైన కుండీ ఉన్నా చాలు: అడుగున కంకర, దానిపై మొరం (శిథిలమైన నల్లరాతి పొడి) మూడు పాళ్లు, నల్లరేగడి ఒక పాలు కలిపి నింపి, గట్టి పెంకు గల విత్తనాన్ని గరుకు రాతిపై కొద్దిగా రుద్ది తొలకరికి ముందు చల్లాలి. రేగడి మట్టి ఒక్కదానిలోనే నాటడం సరికాదు, ఎందుకంటే వానల్లో అది నీటిని పట్టి ఉంచి వేరును కుళ్లబెడుతుంది; పశువుల ఎరువు దట్టంగా వేస్తే తీగ బలిసి పూలు తగ్గుతాయి.

పూజకు కొమ్మల కొసలను మాత్రమే కత్తిరించి వేరును విడిచిపెడితే మొక్క మళ్లీ చిగురిస్తుంది, మిగిలిన కొమ్మలపై కాయలు ఎండి పగిలి, పక్క రాళ్ల సందుల్లోకి విత్తనాలు తామే చేరుతాయి.