నకలు ఆజ్ఞ: గుణదోష విచారణ

ఒక కళాశాల ప్రయోగశాలలో కంప్యూటరుపై అరువదిమంది విద్యార్థులకు అరువది ఫోల్డరులు కలవనుకొనుడు. ఉపాధ్యాయుడు తయారుచేసిన ప్రశ్నపత్రపు ఫైలును ప్రతి ఫోల్డరులోను ఒక్కొక్క నకలుగా ఉంచవలెను. చేతితో చేయబూనినచో అదే పని 60 మారులు చేయవలసివచ్చును. నడుమ ఒకటి రెండు ఫోల్డరులు తప్పిపోవుట సహజము. ఇట్టి విసుగుపనులకే స్క్రిప్టు ఏర్పడినది. స్క్రిప్టనగా కంప్యూటరు వరుసగా నెరవేర్చవలసిన ఆజ్ఞలను వ్రాసియుంచిన చిన్న ఫైలు. "ఇచ్చట గల ప్రతి ఉపఫోల్డరులోనికిని ఈ ఫైలును నకలు చేయుము" అను భావము యూనిక్సు పద్ధతిలో ఒక్క పంక్తిలో ఇమిడిపోవును. రెప్పపాటులో పని ముగియును. ఈ సౌకర్యమును మెచ్చుకొననివారు లేరు. మెచ్చుకొన్న పిమ్మట పరిశీలింపవలసిన విషయము మరొకటి కలదు.

ఈ పనికి మూలాధారమైన ఆజ్ఞ పేరు 'సి.పి.'. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు అమెరికాలోని బెల్ లేబరేటరీలలో నిర్మించిన యూనిక్సుకు 1971లో వెలువడిన మొదటి కరదీపికలోనే ఈ ఆజ్ఞ కనబడును. నేటి రూపములో ఇది అనేక ఫైలులను ఒక ఫోల్డరులోనికి చేర్చగలదు గాని, ఒక ఫైలును అనేక ఫోల్డరులకు పంచజాలదు. కనుకనే 'ఫర్' అను ఆవృత్తి వాక్యముతో దానిని మరల మరల నడిపింపవలసివచ్చుచున్నది. ఆజ్ఞలో గల చిన్న దోషము ఒక్కమారు నడిపినపుడు చిన్నదిగనే యుండును. ఆవృత్తిలో పడినపుడు అరువదింతలగును.

మొదటి దోషము గమ్యస్థానమును గూర్చినది. చివర చెప్పిన పేరుగల ఫోల్డరు ఉన్నచో ఫైలు దానిలోనికి పోవును. అట్టి ఫోల్డరు లేనిచో, ఆ పేరుతోనే ఒక క్రొత్త ఫైలు పుట్టును. విద్యార్థుల పేర్లను జాబితాగా టైపుచేసి స్క్రిప్టునకిచ్చినపుడు అందొక పేరులో ఒక్క అక్షరము తప్పిన ఏమగును? ఆజ్ఞ ఆక్షేపింపదు. తప్పు పేరుతో ఒక ఫైలును సృష్టించి, పని సఫలమైనదని తెలిపి ముందునకు సాగును. పత్రము అందని విద్యార్థి పరీక్షవేళ చేయి ఎత్తువరకు సంగతి బయటపడదు. 1986లో ఎం.ఎస్. డాస్ 3.2తో వచ్చిన 'ఎక్స్‌కాపీ' ఇట్టి సందర్భమున "ఇది ఫైలా, డైరెక్టరీయా?" అని అడుగును. అది మర్యాదయే, కాని రాత్రివేళ ఎవరును లేనపుడు నడచు స్క్రిప్టు ఆ ప్రశ్నవద్దనే నిలిచిపోవును. సి.పి.లో దీనికి చిట్కా కలదు: గమ్యస్థానము పేరు చివర ఒక ఏటవాలు గీత చేర్చినచో, అది ఫోల్డరు కానపుడు ఆజ్ఞ తప్పు చూపి ఆగును.

రెండవ దోషము ఇంతకంటె ఘోరమైనది. ఉపాధ్యాయుడు స్క్రిప్టును నడిపెను. విద్యార్థులు అదే ఫైలులో జవాబులు వ్రాయనారంభించిరి. అరగంట గడచిన పిదప మూడవ ప్రశ్నలో ఒక అంకె తప్పుపడినట్లు గ్రహించి, దానిని దిద్ది, అదే స్క్రిప్టును ఆయన మరల నడిపెను. క్రొత్త పత్రము ప్రతి ఫోల్డరునకు చేరినది. అరువదిమంది జవాబులును పోయినవి! సి.పి. పాత ఫైలులోని విషయమునంతయు ఖాళీచేసి, ఆ స్థానమున క్రొత్తదానిని నింపును. పోయినది చెత్తబుట్టలోనికిని చేరదు. బల్లపై ఒక కాగితమును పెట్టబోవు గుమాస్తా అచ్చట వ్రాతతో నిండిన మరొక కాగితము కనబడినచో ఒక్క క్షణమైనను ఆగును. ఈ ఆజ్ఞ ఆగదు.

విచిత్రమేమన, చేతితో నకలు చేయువానికి ఈ ప్రమాదము లేదు. విండోసు తెరపై ఫైలును లాగి వేసినపుడు అదే పేరుగల ఫైలుండిన, దాని స్థానమున దీనిని ఉంచవలెనా అని యంత్రమే అడుగును. చేతిపనినుండి స్క్రిప్టుకు మారినవాడు తన శ్రమతోపాటు ఆ ప్రశ్నను సయితము వదలుకొనుచున్నాడు. స్క్రిప్టును నేర్పువారిలో పెక్కుమంది ఆవృత్తి వాక్యమును చూపి ఊరకుందురే గాని, ఈ నష్టమును చెప్పరు. అడ్డుకొను సంకేతము లేకపోలేదు. "ఉన్నదానిని చెరుపవద్దు" అని తెలుపు 'ఎన్' అక్షరమును చేర్చవచ్చును. కాని రక్షణ కావలెనన్నవాడు అడుగవలెను, వినాశము మాత్రము అడుగకయే లభించును. ఈ ఏర్పాటు తలక్రిందులుగా నున్నది.

పేర్లలోని ఖాళీస్థలముల కథ వేరు. యూనిక్సు షెల్లు ఖాళీని రెండు మాటల నడుమ హద్దుగా భావించును. పేరును ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచనిచో ఒక పేరు రెండగును. 2001లో ఆపిల్ సంస్థవారి ఐట్యూన్సు 2.0 స్థాపక స్క్రిప్టు ఇట్టి లోపముచేతనే, ఖాళీ గల పేర్లున్న డిస్కులలోని ఫైలులను చెరిపివేసినది. ఆ సంస్థ దానిని వెంటనే ఉపసంహరించుకొని, సవరించిన ప్రతిని విడుదల చేయవలసివచ్చెను.

విండోసులోని 'రోబోకాపీ' సమర్థమైనదే. అయినను, అది ఫైలులను చక్కగా నకలు చేసినపుడు 1 అను సంఖ్యను తిరిగియిచ్చును. 8, అంతకు మించిన సంఖ్యలే వైఫల్యమునకు గుర్తులు. సున్న తప్ప మిగిలినవన్నియు తప్పులేయని భావించు స్క్రిప్టు విజయమును చూచి బెదరి ఆగును.

సి.పి.ని సమర్థించువారి వాదము త్రోసివేయదగినది కాదు. ఆజ్ఞలు మితభాషులై యున్నపుడే ఒకదానిని మరొకదానితో కలిపి పెద్ద పనులు సాధింపవచ్చునని వారందురు. యూనిక్సు బలమంతయు అందే కలదు. అయితే మౌనము వేరు, సంగతిని దాచుట వేరు. ఈ భేదము నిర్మాతలకే ఇంకను తేలలేదు. గ్నూ సంస్థవారి 'కోర్‌యుటిల్స్' 9.2లో, 2023లో, 'ఎన్' సంకేతముతో నడిచిన సి.పి. ఉన్న ఫైలును విడిచిపెట్టినచో దానిని వైఫల్యముగా తెలుపునట్లు మార్చిరి. 2024లో వెలువడిన 9.5లో దానిని తిరిగి విజయముగనే పరిగణించిరి. వైఫల్యముగా తెలియగోరువారికి వేరొక సంకేతమును సమకూర్చిరి.