వేరే గ్లాసు, వేరే ఇంటర్నెట్

ఇంటర్నెట్ అమ్మే కంపెనీలు అందులో ఏది మన దాకా రావాలో, ఏది ఆగాలో, దేనికెంత వసూలు చేయాలో తామే నిర్ణయించొచ్చా? 2014 చివర్లో మొదలై 2016 ఫిబ్రవరి దాకా ఈ ప్రశ్న మీద మన దేశంలో పెద్ద వాదమే నడిచింది. 'నెట్ న్యూట్రాలిటీ' అన్నారు దాన్ని. కంపెనీకీ వినియోగదారుడికీ మధ్య తగాదాగా చూసి వదిలేశారు. దళితుల వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న వేరు. దారి మీద అధికారం ఎవరిది? బావి దగ్గరా, గుడి దగ్గరా, టీ హోటలు దగ్గరా మనం తరాలుగా అడుగుతున్న ప్రశ్నే ఇది.

జరిగిందేమిటి? 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ మీద చేసే ఫోన్ కాల్స్‌కు వేరే రేటు ప్రకటించి, గోల లేచాక వెనక్కి తగ్గింది. 2015 ఏప్రిల్‌లో 'ఎయిర్‌టెల్ జీరో' తెచ్చింది. సైటువాళ్ళు కంపెనీకి డబ్బు కడితే ఆ సైటు చూసేవాళ్ళకు డేటా ఖర్చుండదు. అంటే కట్టగలిగినవాడి మాట ఉచితం, కట్టలేనివాడి మాట ఖరీదు. అంతకుముందే, ఫిబ్రవరిలో, ఫేస్‌బుక్ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి 'ఇంటర్నెట్ డాట్ ఆర్గ్' మొదలుపెట్టింది. మొదట ఇచ్చిన ప్రాంతాల్లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి, భాషల్లో తెలుగూ ఉంది. సెప్టెంబరులో దాని పేరు 'ఫ్రీ బేసిక్స్' అయింది. ఎంపిక చేసిన కొన్ని సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్‌కు డబ్బు.

2015 డిసెంబరు 28న 'టైమ్స్ ఆఫ్ ఇండియా'లో మార్క్ జుకర్‌బర్గ్ దీన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. ఫ్రీ బేసిక్స్‌ను గ్రంథాలయంతో, ప్రభుత్వ ఆస్పత్రితో, బడితో పోల్చాడు. గ్రంథాలయంలో అన్ని పుస్తకాలూ ఉండవు, అయినా మేలు చేస్తుంది కదా అన్నది ఆయన తర్కం. ఈ సేవతో బాగుపడ్డ మహారాష్ట్ర రైతును ఉదాహరణగా చూపించాడు. ఆ రైతుకు భూమి ఎలా వచ్చింది, ఏ కులం, పక్కన కూలికి పోయేవాళ్ళ సంగతేమిటి? ఇవి ఆ వ్యాసానికి అక్కర్లేదు. అందులో ఉన్నది కులం లేని 'పేదవాడు'. కులం తీసేస్తే పేదరికం దయకు సంబంధించిన విషయంగా మారిపోతుంది. హక్కు మాట రాదు.

గ్రంథాలయం పోలిక కూడా నిలబడదు. అది జనం డబ్బుతో నడుస్తుంది. ఫలానా పుస్తకం ఎందుకు లేదని నిలదీయొచ్చు. ఇక్కడ గ్రంథపాలకుడే పుస్తకాల వ్యాపారి. తన పుస్తకాన్ని ముందు వరసలో పెట్టుకుని, మిగతావాళ్ళు తన నియమాలకు లోబడి దరఖాస్తు పెట్టుకోవాలంటాడు. వీడియోలకు అందులో చోటు లేదు.

మన ఊళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. టీ అదే, ధర అదే. గ్లాసే వేరు. అసలు టీ ఇవ్వననే హోటలు కంటే ఇది నయం కదా అనొచ్చు. ఏమీ లేనిదానికంటే ఎంతో కొంత మేలు అన్న వాదంతోనే మనకు ఎప్పుడూ ఎంతో కొంతే దక్కింది. 1927లో మహద్ చెరువు విషయంలో అంబేద్కర్ ఈ చిక్కునే విప్పాడు. ఆ నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని వెళ్ళడం లేదనీ, అందరిలాగే మనుషులమని నిలబెట్టడానికే వెళ్తున్నామనీ చెప్పాడు.

ఇది ఊహల్లో మాట కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తీర్పు వెలువడింది మూడు వారాల తర్వాత. పెద్ద పత్రికలు దళిత విద్యార్థుల గొంతును పట్టించుకోని రోజుల్లో కూడా 'రౌండ్ టేబుల్ ఇండియా' రాతలు, 'దలిత్ కెమెరా' వీడియోలు పనిచేశాయి. ఉచిత జాబితాలో ఇవి ఉండాలా వద్దా అని ఎవరు తేల్చేవారు? రోహిత్ ఫేస్‌బుక్‌లోనూ రాశాడు, నిజమే. ఫేస్‌బుక్ ఒక వేదికగా ఉండటం వేరు, అన్ని వేదికలకూ కాపలాదారుగా ఉండటం వేరు.

ఇక అవతలి పక్షం. 'సేవ్ ది ఇంటర్నెట్' ఉద్యమంలో 2015 ఏప్రిల్‌లో ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. మెచ్చుకోవాల్సిందే. కానీ దాని భాష ఇంగ్లీషు చదివిన నగరవాసిది: ఎంపిక, స్టార్టప్, పోటీ. దారి తెరిచి ఉంటే ప్రతిభ ఉన్నవాడు పైకొస్తాడన్న నమ్మకం ఆ వాదనలో తరచూ కనిపించింది. రిజర్వేషన్లకు వ్యతిరేకంగా మనం వినే మాట ఇదే కదా! ఎంపిక గురించి మాట్లాడాలంటే ముందు దుకాణం లోపలికి రాగలగాలి.

అయినా ఆ విజయం మనకూ అవసరమే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసేదాన్నిబట్టి వేరు వేరు రేట్లు పెట్టడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. 2018లో ప్రభుత్వం ఆపడం, నెమ్మది చేయడం కూడా కూడదంది. మహద్ మునిసిపాలిటీ కూడా 1924లోనే చెరువు అందరిదని తీర్మానం చేసింది. కాగితం మీద తెరిచిన చెరువు దాకా నడిచి వెళ్ళడానికి మూడేళ్ళ తర్వాత సత్యాగ్రహం కావాల్సొచ్చింది.

అలాంటి నడక ఇక్కడ ఇంకా మిగిలే ఉంది. పల్లెల్లో నెలకు 100 ఎంబీ డేటా, ఏ సైటుకైనా వాడుకునేలా, ప్రభుత్వ నిధితో ఉచితంగా ఇవ్వాలని 2016 డిసెంబరులో ట్రాయే సిఫార్సు చేసింది. దాని కోసం లక్షల ఈమెయిళ్ళు వెళ్ళలేదు. 2020లో బడులు మూసి పాఠాలు ఫోన్లలోకి మార్చినప్పుడు ఆ నిర్లక్ష్యం ఖరీదు మన పిల్లలు కట్టారు. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు అన్నా, ఆ మాట వాడకు చేరలేదు.

ఎక్కువ రాకపోకలున్న సైట్లు తమకు వాటా కట్టాలని 2023లో టెలికాం కంపెనీలు మళ్ళీ అడిగాయి. ఈ వాదం ముగియలేదు. మళ్ళీ పేదవాడి పేరు వినిపిస్తుంది, మళ్ళీ వినియోగదారుడి పేరు వినిపిస్తుంది. ఈసారి మన పేరు మనమే చెప్పుకోవాలి. దారి అందరికీ ఒకటే ఉండాలి, దాని మీద నడిచే ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఈ రెండు డిమాండ్లూ కలిపే అడగాలి.