మూడు నిమిషముల గానము

గ్రామఫోను రికార్డులు సంగీతమును చెఱచినవని మన విద్వాంసులలో కొందఱు చిరకాలముగా చెప్పుచున్నారు. ఈ నింద యెంతవఱకు న్యాయమో విచారింతము.

ఎడిసను 1877లో తగరపు రేకుపై సూదితో ధ్వనిని గీయించి, మరల దానిచేతనే పలికించెను. పదియేండ్లకు బెర్లినరు గుండ్రని పళ్లెముపై గీతలు గీయు పద్ధతిని వెలయించెను. ఈ పళ్లెమునకు అచ్చుదీసి వేలకొలది ప్రతులు చేయవచ్చును. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్ జాన్ గానమును పట్టెను. మైక్రోఫోనుతో రికార్డు చేయు పద్ధతి 1925లో గాని వాడుకకు రాలేదు. అంతవఱకు గాయకులు కాహళమువంటి గొట్టములోనికి గట్టిగా పాడవలసియుండెను. కంఠబలమే సూదిని కదల్పవలెను. గడువు సుమారు మూడు నిమిషములు.

గంటసేపు సాగు రాగవిస్తారము అందులో ఇముడునా? ఇమడదు. ఆలాపనము కుఱుచయయ్యెను, సన్నని పలుకులు మఱుగుపడెను. ఇంతవఱకు విద్వాంసుల మాట నిజమే. కాని గౌహర్ జాన్ ఆ యిఱుకుచోటనే ఆద్యంతములు గల యొక చిన్న రూపమును నిర్మించెను. చాటుపద్యము మహాకావ్యము కాకపోయినంతమాత్రమున కవిత్వము కాదందుమా?

మఱియొక విశేషము గలదు. పాట ముగియగానే ఆమె తన పేరును ఆంగ్లమున చెప్పెడిది. రికార్డులు జర్మనీలోని హానోవరునందు తయారగుచుండుటచే, అచ్చటి పనివారు గుర్తించుటకై యీ యేర్పాటు జరిగెనందురు. కారణమేదియైనను, కులస్త్రీలు పాడుటకు సంకోచించిన కాలమున, సంఘము చిన్నచూపు చూచిన వర్గపు స్త్రీ తన పేరును తానే లోకమునకు చాటెను.

దక్షిణదేశమునందును తొలినాళ్ల రికార్డులకు పాడిన స్త్రీలలో పెక్కండ్రు దేవదాసీ కుటుంబములవారే. వీరేశలింగముగారు మొదలగు మన సంస్కర్తలు భోగముమేళములను ఖండించిరి. ఆ దురాచారము పోవలసినదే. మాకందు సందేహము లేదు. కాని ఆచారముపై వేసిన వేటు ఆ స్త్రీల విద్యపైనను పడెను. మేళమును పెండ్లిపందిరినుండి వెడలగొట్టిన పెద్దమనుష్యులే పెట్టెనుండి వచ్చు వారి గానమునకు చెవియొగ్గిరి. విద్యను గైకొని విద్యావతిని త్రోసిపుచ్చుట సంస్కారమనిపించుకొనదు.

గౌహర్ జాన్ 1930 జనవరిలో మైసూరున మరణించెను. ఆమె రికార్డు నిప్పుడు వినువారు పాటతో నిలిపివేయక, ఆ చివరి పలుకును గూడ శ్రద్ధతో వినవలెనని మా మనవి.