లేచిన కాలు ఎలా దిగుతోంది?

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, కాలనీల్లో బ్యానర్లు కట్టేస్తారు. కరాటే, కుంగ్‌ఫూ, తైక్వాండో, యోగా, వెస్టర్న్ డాన్స్ అన్నీ ఒకే బ్యానర్ మీద, ఒకే ఫోన్ నంబరు కింద. బొమ్మలో ఒక నల్లబెల్టు కుర్రాడు తలకంటే ఎత్తుకు కాలు లేపి గాలిలో ఉంటాడు. ఐదారేళ్ల పిల్లల్ని చేర్పించాలనుకునే అమ్మానాన్నల మనసులో ముద్ర పడేది ఆ బొమ్మే. క్లాసు ఎంచుకోమంటే నేనైతే లేచిన కాలును వదిలేసి, అది తిరిగి నేలకు ఎలా వస్తోందో చూస్తాను.

తైక్వాండోలో పిల్లలకు మొదట నేర్పే తన్నుల్లో ఒకటి ఆప్ చాగి, అంటే ఎదురుగా తన్నేది. చూడటానికి ఒకటే కదలిక, చేయడానికి నాలుగు పనులు. మోకాలు ఛాతీ వైపు లేపాలి. అక్కడినుంచి పాదాన్ని ముందుకు విసరాలి. వేళ్లు వెనక్కి వంచి, వాటి కింది మెత్తటి భాగం తగిలేలా. తగిలీ తగలగానే పాదాన్ని మళ్లీ మోకాలి కిందికి లాక్కోవాలి. ఆ తర్వాతే నేల మీద పెట్టాలి. చిన్నపిల్లలు ఒకటో పనీ మూడో పనీ ఎగ్గొట్టి కాలును బారుగా ఊపేస్తారు. ఊపు ఆగక ముందుకు తూలుతారు. చిన్నవయసులో నేర్వాల్సిందంతా ఆ మూడో పనిలోనే ఉంది. కాలు లాక్కోవాలంటే ఒంటికాలి మీద నిలవగలగాలి, నడుము బిగబట్టాలి, తన్నకముందే ఆపడం గురించి ఆలోచించాలి. మంచి మాస్టారు పిల్లల్ని గోడ పట్టించి నిలబెట్టి, హనా, దూల్, సెత్, నెత్ అని కొరియా అంకెలు లెక్కపెడుతూ ఒక్కో అంకెకు ఒక్కో పని చేయిస్తారు. బయట కూర్చున్న పెద్దలకు విసుగు పుడుతుంది. పిల్లలకు మాత్రం తర్వాతి అంకె ఎప్పుడు వినపడుతుందా అని ఒంటికాలి మీద ఊగుతూ ఎదురుచూడటమే పెద్ద ఆట.

పక్కనుంచి తిప్పి కొట్టే డోల్యో చాగి దగ్గర ఇంకో సంగతి గమనించండి. నేల మీదున్న పాదం కూడా తన్నుతో పాటు తిరగాలి. అది నేలకు అతుక్కుపోయి పైనున్న ఒళ్లు ఒక్కటే తిరిగితే మెలి అంతా మోకాలి మీద పడుతుంది. పిల్లల పాదాలు తిరుగుతున్నాయా లేదా అని మాస్టారు కిందికి చూస్తున్నారా? కింద ఏముంది, మ్యాటా, ఉత్త గచ్చా? మరొకటి, కొన్నిచోట్ల పిల్లల కాళ్లు రెండు పక్కలకూ చాపించి, వెనకనుంచి బరువు వేసి నొక్కుతారు. ఎదిగే పిల్లల్లో కండరం ఎముకకు అతికే చోటు ఇంకా గట్టిపడి ఉండదు. పిల్ల ఏడుస్తున్నా నొక్కే క్లాసుకు మర్నాడు పంపనక్కర్లేదు.

వేల ఏళ్లనాటి విద్య అని బ్యానర్లు చెబుతాయి గానీ తైక్వాండో అన్న పేరే 1955లో పుట్టింది. కొరియాలో జపాను పాలన 1945లో ముగిసే రోజుల్లోనూ ఆ తర్వాతా సియోల్‌లో క్వాన్‌లనే శిక్షణశాలలు వెలిశాయి. వాటిని పెట్టినవాళ్లలో పలువురు జపానులో కరాటే నేర్చుకున్నవాళ్లే. పేరు పెట్టడంలో ముందున్న సైనికాధికారి చోయ్ హాంగ్ హి 1966లో ఒక అంతర్జాతీయ సమాఖ్య స్థాపించారు. తర్వాత సియోల్‌లోనే 1972లో బెల్టుల సర్టిఫికెట్లిచ్చే కుక్కివోన్ అనే సంస్థ, 1973లో ఇంకో ప్రపంచ సమాఖ్య వచ్చాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా చేరింది ఈ రెండో శాఖ. మన ఊళ్లలో రెండు శాఖల మాస్టార్లూ ఉన్నారు. ఏది మేలన్న తగువు మనకొద్దు, మీది ఏ శాఖ అని అడిగితే చాలు. సూటిగా జవాబు చెప్పలేని చోట కాస్త ఆగి ఆలోచించండి.

ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పూమ్సే. ఎదుట మనిషి లేకుండానే, ఉన్నట్టు ఊహించుకుని, ఒక వరసలో కాచుకోవడం, కొట్టడం. కుక్కివోన్ పద్ధతిలో కలర్ బెల్టు పిల్లలకు తేగుక్ అనే ఎనిమిది పూమ్సేలుంటాయి. ఒక్కోదానికి మూడేసి గీతల గుర్తు ఒకటి. అలాంటి నాలుగు గుర్తులు దక్షిణ కొరియా జెండా మూలల్లో కనిపిస్తాయి. మొదటిది ఆకాశం. సరస్సు, నిప్పు, ఉరుము, గాలి, నీరు, కొండ దాటి ఎనిమిదోది నేల. పిల్లవాడు ఆకాశంతో మొదలుపెట్టి నేలకు దిగుతాడన్నమాట! తేగుక్ ఇల్‌జాంగ్ అనే మొదటిదానిలో 18 కదలికలు. ఎడమకు తిరిగి చేత్తో కిందివైపు కాచుకోవాలి, ఒక అడుగు వేసి గుద్దాలి. వెనక్కి తిరిగి కుడివైపూ అదే చేయాలి. నిలబడే తీరు మామూలు నడకకు దగ్గరగా ఉంటుంది, తన్నులు రెండే. చివరి గుద్దుతో పాటు కడుపులోంచి ఒక కేక, కిహాప్. కుడి ఎడమలు తేలని వయసుకు ఈ తిరుగుళ్లు చాలా పెద్ద లెక్క. నోరు విప్పని పిల్లకు ఆ కేక ఇంకా పెద్దది. మంచి క్లాసులో పద్దెనిమిదీ ఒక్క వారంలో రుద్దరు. నాలుగు కదలికలు కుదిరాకే ఐదోది.

ఇక బెల్టులు. కొరియాలో ప్రాథమిక పాఠశాల పిల్లలు బడి వదలగానే డోజాంగ్ అనే శిక్షణశాలకు చేరడం మామూలే. పసుపు వ్యాన్లు ఎక్కించుకుపోతాయి. ఉద్యోగాలకు వెళ్లిన అమ్మానాన్నలు ఇంటికొచ్చేదాకా అదే వాళ్ల నీడ. తాడాట, పరుగుపందేలు అన్నీ అక్కడే. పదిహేనేళ్లలోపు వాళ్లకు కుక్కివోన్ డాన్, అంటే నల్లబెల్టు స్థాయి ఇవ్వదు, దానికి బదులు పూమ్ ఇస్తుంది. ఆ బెల్టు సగం ఎరుపు, సగం నలుపు. అక్కడ చాలామంది పిల్లలు రెండేళ్లలోపే దాన్ని అందుకుంటారు, ఎవరూ దాన్ని మహా విజయంగా చూడరు. మనకేమో నల్లబెల్టంటే విద్యకు ముగింపు. ఆ భ్రమ మీద మంచి వ్యాపారం నడుస్తుంది. పసుపుకూ ఆకుపచ్చకూ మధ్య ఇంకో రెండు చారలు, ప్రతి చారకూ ఒక టెస్టు, ప్రతి టెస్టుకూ ఒక ఫీజు. అమెరికాలో పిల్లల్ని తైక్వాండోకు పంపే తెలుగువాళ్లకు దీని ఇంకో రూపం తెలుసు: బ్లాక్ బెల్ట్ క్లబ్ పేరుతో ఏడాదికో, రెండేళ్లకో ముందే సంతకం పెట్టించుకునే ఒప్పందాలు. చేరే రోజునే టెస్టుల ఖర్చంతా రాయించి అడగండి. కుక్కివోన్ సర్టిఫికెట్ అయితే నిజమో కాదో ఆ సంస్థ వెబ్‌సైటులోనే సరిచూసుకోవచ్చు.

క్రమశిక్షణ వస్తుందని అందరూ అంటారు. అది ఊరికే రాదు. ట్రుల్సన్ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, నేరాల బాట పట్టిన కుర్రాళ్లలో కొందరికి ధ్యానం, వందనం, పూమ్సేలతో కూడిన సంప్రదాయ తైక్వాండో నేర్పారు. కొందరికి కొట్లాట ఒక్కటే నేర్పారు. ఆరు నెలల్లో మొదటివాళ్ల దుడుకుతనం తగ్గింది, రెండోవాళ్లది పెరిగింది. లేక్స్, హోయ్ట్ అనే ఇద్దరు 2004లో ప్రచురించిన మరో అధ్యయనం బడిపిల్లల మీద జరిగింది. అక్కడ తైక్వాండో నేర్చుకునే పిల్లలు తమకు తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎక్కడున్నాను, ఏం చేస్తున్నాను, ఏం చేయాలి. మూడు నెలలకు వాళ్లకు తమను తాము అదుపు చేసుకోవడం, మామూలు వ్యాయామం చేసిన పిల్లలకంటే బాగా అబ్బింది. తేడా తన్నులో లేదు, తన్ను చుట్టూ మాస్టారు కట్టిన పద్ధతిలో ఉంది.

అందుకే పోటీల సంగతి తప్పకుండా అడగాలి. ఒలింపిక్ పద్ధతి పోటీలో ఛాతీకి తగిలిన మామూలు తన్నుకు 2 పాయింట్లు, తలకు తగిలితే 3. గుండ్రంగా తిరిగి తలకు తంతే 5. మెడల్ కావాలనుకునే కోచ్ కళ్లు సహజంగా తల వైపే పోతాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016 నివేదికలో తలకు కొట్టడాన్ని ప్రోత్సహించే నిబంధనలను తప్పుబట్టింది. మెత్తటి హెల్మెట్ మెదడు అదురును ఆపుతుందని రుజువేమీ లేదని కూడా చెప్పింది. ఆరేళ్ల పిల్లల తలలకు గురిపెట్టించే చోట ఎన్ని ట్రోఫీలు అద్దాల బీరువాలో ఉన్నా నాకు లెక్కలేదు.

చేర్పించేముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే అక్కడితో మాట ముగిసింది. ముందు వరసలో చురుగ్గా చేసేవాళ్లను వదిలి, చివర నిలబడి దిక్కులు చూస్తున్న పిల్ల దగ్గరికి మాస్టారు ఎన్నిసార్లు వెళ్లారో చూడండి. కాలు సరిచేయడానికి ముట్టుకునేముందు చెబుతున్నారా, అడుగుతున్నారా? తప్పు చేసినవాడికి గుంజీలూ బెత్తమూ ఉన్నాయా? నాలుగేళ్లవాళ్లను చేర్చుకునే చోట క్లాసు అరగంటకు మించకూడదు, అందులోనూ సగం ఆటలే ఉండాలి. గంటసేపు వరసలో నిలబెట్టే క్లాసు తప్ప దగ్గర్లో వేరేది లేకపోతే పిల్లకు ఏడో ఏడు వచ్చేదాకా ఆగండి.