ఒంటరి గదిలో అనువాదం

జైల్లో కవిత్వం రాసినవాళ్ళు తెలుగులో చాలామందే ఉన్నారు. అక్కడ కూర్చుని వేరొకరి నవలను మొదలు నుంచి చివరిదాకా తెలుగు చేసినవాళ్ళు తక్కువ. నాకు ఈ రెండో పనే గట్టిదనిపిస్తుంది. కవిత వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదు. అనువాదానికి ఆ వెసులుబాటు లేదు. మనసు బాగున్నా లేకున్నా నిన్న ఆపిన చోట ఇంకో మనిషి వాక్యం కాచుకుని ఉంటుంది.

1980ల రెండో సగంలో విప్లవ కవి వరవరరావు సికింద్రాబాద్ జైల్లో పెట్టుకున్న పని ఇదే. ఎంచుకున్నది కెన్యా రచయిత గూగీ వా థియాంగో నవల 'డెవిల్ ఆన్ ది క్రాస్'. తెలుగులో 'మట్టికాళ్ళ మహారాక్షసి' అయింది. ఆ ఎంపికలోనే పనితనం ఉంది, ఎందుకంటే ఆ నవల పుట్టిందీ జైల్లోనే. జనం భాషలో నాటకం ఆడించిన కొద్దికాలానికే, 1977 చివర, గూగీని విచారణ లేకుండా కమీటీ జైల్లో పెట్టారు. ఆయన టాయిలెట్ కాగితం మీద రాశాడు. ఖైదీలను బాధించడానికే అన్నట్టు గరుకుగా ఉన్న ఆ కాగితం ఒంటికి పనికిరాలేదు గాని కలానికి భేషుగ్గా పనికొచ్చింది! అప్పటిదాకా నవలలు ఇంగ్లీషులో రాసినవాడు అక్కడ పట్టుబట్టి తల్లిభాష గికూయులో రాశాడు. మాట తట్టకపోతే, సామెత గుర్తురాకపోతే తోటి ఖైదీలను అడిగాడు. ఒకసారి సోదాలో కాగితాలు పట్టుకుపోయారు. దాదాపు మూడు వారాలకు గాని తిరిగి చేతికి రాలేదు.

ఇక నవల తీరు. కథ చెప్పేది పాట కట్టి పాడే ఊరి కథకుడు. నడుమ ఒక గుహలో దొంగల పోటీ జరుగుతుంది. బడాబాబులు ఒక్కొక్కరే లేచి తమ దోపిడీ ఘనతను చాటుకుంటారు. మట్టినీ గాలినీ అమ్ముకునే ఉపాయం చెప్పేవాడొకడు, ధనికులకు అదనపు అవయవాలు కావాలనేవాడింకొకడు. కళ్ళతో చదువుకుని పక్కన పెట్టే వచనం కాదిది, గొంతెత్తి చెప్పేది. బుర్రకథలూ ఒగ్గుకథలూ విన్న చెవికి ఇట్టే పట్టుబడుతుంది. దాన్ని తెలుగు చేయాలంటే ఆ గొంతులన్నీ తన నోట పలికించుకోవాలి. ఒంటరి గదిలో ఇంతకన్నా సందడైన పని ఏముంటుంది?

మూలం గికూయు, తెలుగుకు దారి ఇంగ్లీషు. రెండు మెట్లు దిగేసరికి ఎంతో కొంత జారిపోక తప్పదు. ఇంగ్లీషు చేసింది గూగీయే కాబట్టి నష్టం తగ్గిందనుకోవచ్చు.

గూగీ జైలు డైరీనీ వరవరరావే 'బందీ'గా తెచ్చారు. నన్నడిగితే ఇదే కష్టమైన పుస్తకం. నవలలో కల్పన వెనక దాక్కోవచ్చు. డైరీ తర్జుమా చేసే ఖైదీ మాత్రం ఇంకో ఖైదీ భయాన్నీ విసుగునూ తన గదిలో మళ్ళీ ఒకసారి అనుభవించాలి.

సిడ్నీలో మా వెస్ట్‌మీడ్ పక్కనే, పారమట్టాలో, 1842 నుంచి 2011 దాకా నడిచిన పాత జైలు ఉంది. అయితే ఇక్కడివాళ్ళ దగ్గర జైలు పుస్తకాల మాట తెస్తే కైలీ మూర్-గిల్బర్ట్ పేరే చెబుతారు. ఆ ఆస్ట్రేలియా అధ్యాపకురాలిని 2018 నుంచి 804 రోజులు ఇరాన్ బంధించింది. తొలి రోజులు ఎవిన్ జైలు ఏకాంత గదిలో గడిచాయి. ఆ చెరలోనే ఆమె ఫార్సీ నేర్చుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటున్నారో తెలియడమే అక్కడ సగం బలం.

గూగీని తెలుగు చేసిన మరో ఖైదీ అమలాపురం మనిషి జి.ఎన్. సాయిబాబా. ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు, పోలియో వల్ల చక్రాల కుర్చీ. 2014లో అరెస్టయ్యారు. ఆయన్ను ఉంచిన నాగపూర్ జైలు అండా సెల్, అంటే గట్టి కాపలా ఉండే గది, చీకటికీ ఉక్కకూ పేరుపడింది. ఆ జైల్లోనే గూగీ బాల్యస్మృతులను తెలుగులోకి తెచ్చారు. విషయం వలసపాలన కింద బడికోసం తపించే పిల్లవాడి కథ. తన పాఠాల గదికి దూరమైన మాస్టారికి అది ఊరికే దొరికిన పుస్తకం కాదనుకుంటాను. 2018లో గూగీ హైదరాబాద్ వచ్చి స్వయంగా ఆవిష్కరించారు. అనువాదకుడు లోపలే ఉన్నారు. బాంబే హైకోర్టు 2024 మార్చిలో నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ అక్టోబరులోనే ఆయన చనిపోయారు.

కొత్తగా చదవబోయేవారు ముందు 'బందీ' పట్టుకోవడం మంచిది. కాగితం ఎక్కడిదో, సోదాలు ఎలా జరిగాయో తెలిశాక, ఆ గుహలో దొంగల ప్రగల్భాలకు ఇంకాస్త గట్టిగా నవ్వొస్తుంది.